ఇరవై నిమిషాలు

తియ్యకు.
కుళాయి కింది నుంచి చెయ్యి తియ్యకు, అలెడ్.
చల్లబడినట్టే ఉంటుంది.
అది చర్మం చెప్పే అబద్ధం,
లోపల నూనె ఇంకా వేపుతూనే ఉంటుంది.
గోడ మీద గడియారం చూడు, ఎనిమిదీ పది.
ఎనిమిదిన్నర దాకా నీకు వేరే పని లేదు.

వెన్న రాయమంటాడు గెరైంట్. వద్దు.
మైదా చల్లమంటాడు.
నువ్వేమన్నా చేప ముక్కవా?
చేతులు కాలాక పట్టుకోవాల్సింది ఆకులు కాదు నాయనా,
నీళ్ళు.

శుక్రవారం రాత్రి, పైగా వాన.
లానెల్లి ఊరంతా మన గుమ్మంలోనే గొడుగులు దులుపుతోంది.
ఇంకెంతసేపని ఎవడో అరిచాడు.
నేను వినలేదు. నువ్వూ వినకు.
వాడి ఆకలికి ఇరవై నిమిషాలు ఏమంత ఎక్కువ కాదు.

పొద్దున చూపుడు వేలికి కట్టిచ్చానే, నీలం పట్టీ,
అది నీలమే ఎందుకో తెలుసా?
ఏ తిండీ ఆ రంగులో ఉండదు కనుక.
జారి చిప్స్‌లో పడితే కొన్నవాడి కంటికి ఇట్టే కనబడాలని.
నీ గాయం కోసం కాదు ఆ రంగు,
వాడి నోటి కోసం.
పదహారేళ్ళవాడివి, ఇలాంటివి నీకెవరు చెప్తారు?
నాకూ ఎవరూ చెప్పలేదు.

ఏడుపొస్తే ఏడువు. ఉల్లిపాయలున్నాయి, ఎవరూ అడగరు.

జారింది నీ కాలు కాదు.
మూకుడు ముందు నల్ల రబ్బరు చాప ఉండేది, చిల్లులున్నది,
ఈస్టర్‌కి ముందు కడగడానికని వెళ్ళింది,
ఇంకా కడుగుతూనే ఉన్నారు కాబోలు.
గడ్డకట్టిన సంచుల నుంచి కారిన నీళ్ళు,
ఎగిరి పడ్డ జిడ్డు,
వాటి మీద నీ అన్న పాత బూట్లు.
పడేవాడి చెయ్యి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది,
వేడిదా కాదా అని చూసుకోదు.
చేపల కొట్టులో చాప లేదు.
జరిగిందంతా అదే.

ఎనిమిదీ పదహారు. ఉండు.

వినెగర్ పొట్లాల కింద, సొరుగులో,
ఓ పుస్తకం ఉంది. ప్రమాదాల పుస్తకం.
చివరి పేరు నాదే, పదకొండేళ్ళ కిందటిది:
గ్లెనిస్, ఎడమ మోచెయ్యి, ఆవిరి.
ఆ తర్వాత ఈ కొట్టులో ఎవరూ కాలలేదు
అంటుంది పుస్తకం.
నా ముంజేయి అలా అనదు.
ఇదిగో, ఇది క్రిస్మస్ ముందు రోజుది.
ఇది, నాతో పనిచేసిన పిల్ల పెళ్ళినాటిది.
ఇది ఎప్పటిదో నాకే గుర్తులేదు.
రాయకపోవడం ఎంత సులువనుకున్నావు!
తుడుచుకుంటావు, నవ్వుతావు,
తర్వాతెవరండీ అంటావు.

అరుగో, వరుసలో నాలుగో మనిషి,
టోపీ పెట్టుకున్నాయన, విండమ్,
తగరపు రేకుల మిల్లులో చేశాడు,
ఆ మిల్లు మూతపడేదాకా.
ఇందాక అరిచినవాడి వైపు తిరిగి ఏమీ అనలేదు,
కుడి చెయ్యి పైకెత్తాడు, అంతే.
మూడు వేళ్ళు.
మన గెరైంట్ మూడు పొట్లాలనుకుని
చిప్స్ కట్టడం మొదలెట్టాడు.

నవ్వు, ఫరవాలేదు. నేనూ నవ్వాను.
ఆ తర్వాత ఎవరూ అరవలేదు,
గొడుగులు మాత్రం కారుతున్నాయి.

ఇంకెంత?
రెండు నిమిషాలు. పొక్కుల్ని గిల్లకు.
ఈ పల్చటి ప్లాస్టిక్ కాగితం వదులుగా, పొడుగ్గా కప్పుతాను,
చుట్టను, చుడితే బిగుసుకుంటుంది.
టాక్సీ వస్తోంది, ఆసుపత్రికి నీతో నేనొస్తాను.
మూకుడు సంగతి గెరైంట్ చూసుకుంటాడు,
చాప లేని చోట ఆయన బూట్లు కూడా కాసేపు నిలబడనీ.

వెళ్ళేముందు ఒక్క పని.
కుడి చేత్తో కుదరదు, తెలుసు.
ఎడం చేత్తో రాయి. వంకరైతే వంకర.
నీ పేరు. టైము.
చెయ్యి అని రాసి ఆపెయ్యకు.
చాప అని కూడా రాయి.